కుట్కీ తవ్విన గంట

జూన్ రెండో వారంలో పోస్టుకు చేరాం. ఎత్తు పన్నెండు వేల ఎనిమిది వందల అడుగులు. రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి ఆరు గంటల నడక. వీపు మీద ఇరవై రెండు కిలోలు, భుజాన రైఫిల్. చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర, వడగళ్ళు పడుతున్నాయి. మొత్తం పన్నెండు మందిమి. రాతిగోడల బంకర్లు రెండు, రేకుల వంటిల్లు, ఒక వైర్‌లెస్ సెట్టు. నేను హవల్దార్ని. ఆ పోస్టులో నా మాటకు ఎదురు చెప్పేవాడు లేడు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పోస్టు కింద తూర్పున ఒక వాలు. దాని చుట్టూ ముళ్ళతీగ. మా సామాను మోసే పోర్టరు తప్ప పౌరులెవరూ లోపలికి రాకూడదని ఆర్డరు. ఆ వాలు నిండా, రాళ్ళ సందుల్లో, నేలను కరుచుకున్న ఆకులతో జానెడు కూడా లేని మొక్కలు. మధ్యలో చిన్న నీలం పూల కంకి. మొదటి నెలంతా వాటిని బూట్లతో తొక్కుకుంటూనే తిరిగాను.

జూలైలో నాకు జ్వరం, కడుపులో మెలిక. మా నర్సింగ్ అసిస్టెంట్ మాత్రలిచ్చాడు. మూడు రోజులైనా ముద్ద దిగలేదు. పోర్టరు కింది ఊరివాడు, యాభై ఏళ్ళుంటాయి. కోటు జేబులోంచి ఎండిన వేరుముక్క తీసి గ్లాసు నీళ్ళలో వేసి సగమయ్యేదాకా మరిగించాడు.

"తాగండి సాబ్. చేదుగా ఉంటుంది. ఉమ్మెయ్యకండి."

వేపాకు దాని ముందు మిఠాయి. మర్నాడు సాయంత్రానికి రెండు రొట్టెలు తిన్నాను. మాత్రల వల్లనా, వేరు వల్లనా అంటే ఇప్పటికీ చెప్పలేను. నర్సింగ్ అసిస్టెంట్ మాత్రం తన వాటా వదులుకోలేదు.

మా రేడియో ఆపరేటర్ జనగామ వాడు. వేరు వాసన చూసి గుర్తుపట్టాడు. "అన్నా, గిది కటుకరోహిణి. మా తాత కామెర్లు అయినోళ్ళకు గిదే నూరి పోస్తుండె."

పోర్టరు దాన్ని కుట్కీ అన్నాడు. వాలు మీద నేను తొక్కుతున్న మొక్క వేరే అది. జ్వరానికి, కడుపునొప్పికి, కామెర్లకు, పిల్లల నులిపురుగులకు ఊరంతటికీ అదే మందు. ఇచ్చేది వాళ్ళమ్మ. గర్భిణులకు మాత్రం ఇవ్వదట. తవ్వడానికీ ఒక పద్ధతి ఉంది. పూతలో ఉండగా ముట్టుకోరు. అక్టోబరులో ఆకులు ఎండి, గింజ రాలాక, మేకకొమ్ము మొనతో మెల్లగా పెకలిస్తారు. సగం వేరు తీసుకుని, మొగ్గ ఉన్న కొసను మళ్ళీ గుంటలో పెట్టి, మట్టి కప్పి, అరచేత్తో అదుముతారు. కింది లోయలో వ్యాపారుల మనుషులు గునపాలతో వచ్చి కొండలన్నీ ఖాళీ చేశారు. మిగిలింది మా వైరు లోపలి వాలు ఒక్కటే.

"ఫౌజు కాపలా ఉంది కాబట్టి మిగిలింది సాబ్," అన్నాడు పోర్టరు.

ఏడాదికి ఒక్కరోజు, అక్టోబరులో, వాళ్ళమ్మను లోపలికి వదిలేవారు. కాగితం మీద లేని ఆర్డరు అది. ఒక యూనిట్ వెళ్తూ ఇంకో యూనిట్‌కు చెప్పి వెళ్ళేది. నాకూ చెప్పారు.

ఆగస్టులో సెలవు దొరికింది. మా ఇల్లు వారాసిగూడ. మా ఇంటామె తార్నాక దగ్గర యూనివర్సిటీ క్యాంపస్‌లో, బాటనీ డిపార్ట్‌మెంట్‌లో అటెండరు. కింది కంపెనీ క్యాంపుకు దిగినప్పుడు ఫోన్లో కుట్కీ సంగతి చెప్పాను. మళ్ళీ చేసినప్పుడు, వాళ్ళ ప్రొఫెసర్ మేడం అడిగిందని చెప్పింది. "ఒక్క మొక్క తెమ్మన్నది. వేరుతోని, పువ్వుతోని. పాత పేపర్ల నడుమ పెట్టి తేవాల్నంట."

అడిగింది ఒక్కటే. కానీ మా గల్లీలో అందరికీ ఏదో ఒక కడుపు బాధ. హిమాలయాల మందు తెస్తున్నానని ఫోన్లో గొప్పలు పోయాను. ఒక్క మొక్కతో దిగితే పరువేం కాను?

పోర్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పూతలో ఉంది సాబ్. రెండు నెలలు ఆగండి."

"నువ్వు ఆగమంటే నా సెలవు ఆగుతుందా?" అన్నాను. అతను దారిలోంచి పక్కకు జరిగాడు. నేను హవల్దార్ని, అతను బరువులు మోసేవాడు.

ఉదయం పది నుంచి పదకొండు. ఆకాశం నిర్మలం. నలుగురు మనుషులు, నాలుగు చిన్న పారలు. కందకం తవ్వకానికి చెప్పినట్టే చెప్పాను: ఎడమ నుంచి కుడికి, ఏదీ వదలొద్దు. రెండు ఇసుక సంచులు నిండాయి. అప్పుడే కంపెనీ నుంచి సెట్టులో పిలుపు: "సెలవు పార్టీ సామాను ఎంత? ఓవర్."

ఆపరేటర్ నా వైపు చూశాడు. "ఏం చెప్పాలె అన్నా?"

"రెండు సంచులు, సొంత సామాను అని చెప్పు."

హైదరాబాద్‌లో ముసురు. గల్లీలో పంచాను. గోల్నాక బామ్మర్దికీ, రామంతాపూర్ దోస్తుకూ పంపాను. అందరూ ఒక్కసారి నాలుక మీద పెట్టుకుని మొహం చిట్లించి అటక మీద పడేశారు. రెండో సంచి పది రోజుల్లో బూజు పట్టింది. మా ఇంటామె దాన్ని చెత్తబండిలో వేస్తూ, "గిన్ని ఎందుకు తెచ్చిన్రు? ఆమె ఒక్కటే కదా అడిగింది," అన్నది.

మేడం గుంటూరు వైపు మనిషి. మొక్కను, డిపార్ట్‌మెంట్‌లో ఎండు మొక్కలు దాచే తెల్ల అట్ట మీద ఎంతో జాగ్రత్తగా పరిచింది. "అక్కడ ఇంకా చాలా ఉన్నాయాండీ?"

"బోలెడు మేడం."

లేబుల్ మీద నా పేరు రాసి, కింద 'విరివిగా పెరుగుతోంది' అని రాసింది. నేను చూస్తూ నిలబడ్డాను.

అక్టోబరు మూడో వారం, ఉదయం తొమ్మిది. నేను పోస్టుకు తిరిగొచ్చి నెలయింది. పోర్టరు తల్లి నాలుగు గంటలు ఎక్కి వచ్చింది, నడుములో మేకకొమ్ము దోపుకుని. కొడుకు ఆమెకు ముందుగా ఏమీ చెప్పలేదు. నేనే వైరు గేటు తీశాను. వాలు నిండా గుంటలు, వాటిలో మంచు. ఆమె కొడుకును ఏదో అడిగింది. అతను నేల చూశాడే తప్ప నా వైపు వేలు చూపించలేదు.

"పోయి ఏమన్న చెప్పు అన్నా," అన్నాడు ఆపరేటర్ నా పక్కన నిలబడి.

నేను బంకర్ గుమ్మంలోనే ఉండిపోయాను. క్షమించమని అడగడానికి యాభై అడుగులు దిగాలి. దిగలేదు. సిగ్గుపడుతున్నాను.

ఆ చలికాలం జ్వరం మాత్రల కోసం పోర్టరు మూడుసార్లు పైకొచ్చాడు. నా మొహం చూడకుండా తీసుకెళ్ళాడు. మరుసటి జూన్‌లో మా ఏడాది టూర్ ముగిసి దిగేటప్పుడు ఆ వాలు పక్క నుంచే నడిచాను. ఒక్క మొలక లేదు.

ఇప్పుడు రిటైరై అదే క్యాంపస్‌లో, అదే బిల్డింగ్ ముందు సెక్యూరిటీగా ఉన్నాను. మళ్ళీ కాపలా పనే. పోయిన నెల మేడం దగ్గరికెళ్ళి నిజం చెప్పాను. ఆ లేబుల్ మీద మాట కొట్టెయ్యమన్నాను.

ఆమె బీరువాలోంచి ఆ అట్ట తీసి బల్ల మీద పెట్టింది. "రాసింది కొట్టెయ్యకూడదండీ. పక్కన ఇంకో చీటీ అంటిస్తాం. ఏం రాయమంటారు?"

"'వాలంతా ఇతనే తవ్వేశాడు' అని రాయండి."

రాసింది. ఇప్పుడు ఆ అట్ట మీద రెండు చీటీలున్నాయి.

కానీ ఆ అక్టోబరు పొద్దు మాత్రం నన్ను వదలదు. పోర్టరు తల్లి మొదటి గుంట దగ్గర కూర్చుంది. చేతిలో కొస లేదు, మొగ్గ లేదు. అయినా ఉత్త చెయ్యే గుంటలో పెట్టి, తీసి, మట్టి కప్పి, అరచేత్తో అదిమింది. తర్వాత పక్క గుంట దగ్గరికి జరిగింది.