మసి పూసిన పాయ

మా మేనత్తకు పుట్టుకతోనే నుదుటి మీద తెల్లజుట్టు పాయ, రెండు చెవులకూ చెవుడు. ఎనభైల్లో, పర్చూరు మిరపచేలల్లో తోటి కూలీలు ఆమెను పిలవాలంటే మీదకు మిరపకాయ విసిరేవాళ్లు. నాయనమ్మకు అది పట్టేది కాదు. తెల్లపాయే తలవంపు! ఆదివారం చర్చికి బయల్దేరేముందు ఆముదంలో మసి కలిపి దానికి పూసేది.

నాయనమ్మ ఒకసారి ఆమెను గుంటూరు తీసుకెళ్తే, అక్కడి డాక్టరుగారు అత్తకూ అర్థమయ్యేలా ముందు పాయను, తర్వాత చెవిని చూపిస్తూ చెప్పారు. "రంగునిచ్చే కణాలు కడుపులో ఉండగానే జుట్టుకూ, లోపలి చెవికీ చేరాలమ్మా. అవి లేకపోతే చెవి పనిచేయదు. ఈమెకు చేరలేదు."

ఆ తర్వాతి ఆదివారం పాయకు మసి పూస్తుంటే, అత్త, నాయనమ్మ మసి వేలు పట్టుకుని తన చెవిలో పెట్టుకుంది.

నాయనమ్మ వేలు లాక్కుని, వినపడని ఆ చెవిలోకే అరిచింది.

"లోపలిది ఎవరికి కనపడుద్దే? కదలకుండా కూర్చో!"