పన్ను పీకని డాక్టరమ్మ మీద నా ఫిర్యాదు

నేను ఇప్పటిదాకా రాసినవాటిలో అన్నిటికంటే మంచి తెలుగు ఒక ఫిర్యాదులో ఉంది. మూడు పేజీలు. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క తిట్టు లేదు. దాని పుణ్యమా అని మా బాపు, అంటే మా నాన్న, దవడ సగం పోయింది. ఎలాగో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

అప్పట్లో బౌరంపేట్‌లో నన్ను అర్జీల నర్సింహ అనేవారు. వీధి దీపం వెలగకపోతే అర్జీ, మోరీ పొంగితే అర్జీ. ఒకసారి రెండు దీపాలు నిజంగానే వెలిగాయి. దాంతో కాగితానికి లొంగనిది లోకంలో లేదని నాకు ధీమా వచ్చేసింది.

అలాంటి రోజుల్లో బాపుకు పన్ను నొప్పి మొదలైంది. ముప్పై ఏళ్లుగా బుగ్గన జర్దా పెట్టే మనిషి. బహదూర్‌పల్లిలో కొత్తగా తెరిచిన క్లినిక్‌కు తీసుకెళ్లాను. డాక్టరమ్మది చిన్న వయసు. నోట్లో లైటు వేసి చాలాసేపు చూసింది. పన్ను పీకనంది. పక్కన చిగురు మీద పుండు ఉందనీ, ముందు పెద్దాసుపత్రికి వెళ్లి ముక్క తీయించి పరీక్ష చేయించమనీ చీటీ రాసిచ్చింది. ఫీజు కూడా వద్దంది.

ఇక్కడే నా బుర్ర పాదరసంలా పనిచేసింది. పీకమన్న పన్ను పీకదు, ఫీజు తీసుకోదు, పైగా పెద్దాసుపత్రికి పొమ్మంటుంది. కమీషన్ కాక మరేమిటి? బండి మీద ఇల్లు చేరేలోపు ఫిర్యాదులో మొదటి పేరా మనసులోనే రాసేసుకున్నాను.

మర్నాడు మేడ్చల్‌లో ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన పది నిమిషాల్లో పన్ను పీకి బాపు చేతిలో పెట్టాడు. ఆ చీటీ గురించి నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. నాకైతే యుద్ధం గెలిచినట్టుంది. బాపుకు మాత్రం లోపల గుబులు పోలేదు.

"ఆ పిల్ల మంచిగనే చెప్పింది గదరా. ఒకపారి సూపిద్దామా?" అన్నాడు.

"నీకు తెల్వది బాపు. గీళ్లంత గిట్లనే భయపెడ్తరు" అన్నాను.

పళ్ల డాక్టర్లకు లైసెన్సులిచ్చే రాష్ట్ర కౌన్సిల్‌కు ఫిర్యాదు తయారైంది. వైద్యం నిరాకరించుట, రోగిని భయభ్రాంతుడిని చేయుట, స్వలాభాపేక్ష. చదువుతుంటే నాకే ఒళ్లు పులకరించింది. రోగి ఆయనే కాబట్టి నా సంతకం కింద బాపు సంతకం కూడా పెట్టించాను. పెడుతూ ఆయన ఒకటే అడిగాడు.

"ఆ పిల్ల నౌకరీ పోతదా?"

"లైసెన్సే పోతది" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

పన్ను పీకిన చోటు మానలేదు. బాపు ఒక పక్కనే నమలడం మొదలుపెట్టాడు. తర్వాత నమలడం మానేసి మెత్తగా పిసికిన సల్లన్నం మింగసాగాడు. నేను గమనించలేదనుకుంటున్నారా? గమనించాను. గమనించి, ఆసుపత్రికి తీసుకెళ్లకుండా, కౌన్సిల్‌కు అనుబంధ ఫిర్యాదు రాశాను: "సదరు డాక్టరు కలిగించిన భయము వలన మా తండ్రిగారికి ఆకలి మందగించినది."

రెండు నెలలు దాటాక కౌన్సిల్ నుంచి కవరొచ్చింది. లోపల డాక్టరమ్మ ఇచ్చిన సంజాయిషీ. ఆమె కాళ్లబేరానికి వచ్చి ఉంటుందనుకుని, బాపును అరుగు మీద కూర్చోబెట్టి గొంతు సవరించుకుని చదివాను. తన తప్పు లేదని ఆమె ఒకే వాక్యంలో చెప్పుకుంది. మిగతాదంతా బాపు గురించే. "ఆ పుండు మామూలుది కాదని అనుమానం ఉంది, ఆయన పరీక్ష చేయించుకున్నారో లేదో కనుక్కోగలరు, చేయించుకోకపోతే ఈ రోజే వెళ్లమని చెప్పగలరు, నా మీద విచారణ తర్వాతైనా జరపవచ్చు."

బాపు లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఇగ సదివింది సాలు. బండి తియ్యి."

అది క్యాన్సరే. రెండు నెలల ముందు వచ్చి ఉంటే కొంచెమే తీసేవాళ్లమని ఆపరేషన్ చేసిన డాక్టరు అన్నాడు. ఎందుకు ఆలస్యమైందని ఆయన అడగలేదు. అడిగితే చూపించడానికి నా దగ్గర రెండు ఫిర్యాదులు, రెండు పోస్టు రసీదులు ఉన్నాయి.

బాపు బతికాడు. జావ తాగుతాడు. మాట తేలిగ్గా రాదు. ఆ ఫిర్యాదు ఊసు ఇంతవరకూ ఎత్తలేదు. తిట్టినా బాగుండేది.

బహదూర్‌పల్లి వెళ్లి డాక్టరమ్మ ముందు తల దించుకుని నిలబడితే, బాపు ఏం తింటున్నాడని అడిగింది. అక్కడి నుంచి నేరుగా ఫిర్యాదు వాపసు తీసుకోవడానికి కౌన్సిల్ ఆఫీసుకు పోయాను. క్లర్కు ఒక ఫారం ఇచ్చాడు. అందులో 'కారణం' అని ఒక గడి ఉంది. "నా మూర్ఖత్వం" అని రాసిచ్చాను.

ఆయన దాన్ని నిదానంగా చదివాడు. "గిట్ల రాస్తే ఆధారం పెట్టాలె సార్" అన్నాడు.

సంచీలోంచి నా మూడు పేజీల ఫిర్యాదు నకలు తీసి ఇచ్చాను. మొదటి పేజీ చదివాడు. రెండోది తిప్పలేదు.

"ఇది సాలు" అని ముద్ర కొట్టాడు.

కావున పాఠక మహాశయులకు సవినయముగా విన్నవించునది ఏమనగా, ఇకమీదట మా ఇంట్లో ఎవరికి ఏ నొప్పి వచ్చినా, అది పూర్తిగా తగ్గేవరకూ పెన్ను ముట్టనని ఇందుమూలముగా ప్రమాణం చేయుచున్నాను. దీనికి సాక్షి సంతకం బాపును అడగలేదు. ఒకసారి ఆయన చేత పెట్టించిన సంతకమే ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.