వార్తల ఉపవాసం

ఈస్టరుకు ముందు శ్రమదినాలు వస్తే మా దోహా తెలుగు ప్రార్థన కూటమిలో అందరం ఏదో ఒకటి మానేస్తాం. ఆ ఏడాది ఒకాయన మాంసం మానేశాడు, ఒకావిడ టీ మానేసింది. నేను వార్తలు మానేశాను. శుక్రవారం కూటమిలో లేచి నిలబడి మరీ చెప్పాను: "లోకం గొడవలు చూసి చూసి మనసు పాడైపోతోందండీ. ఈస్టరు దాకా ఒక్క వార్త చూడను, వినను." అందరూ "స్తోత్రం" అన్నారు. టీ మానేసిన ఆవిడ ముఖం చిన్నబోయింది. అది చూసి నాకు సంతోషం కలిగింది, దేవుడు క్షమించుగాక.

అసలు సంగతేమిటంటే, టీ మానడం నావల్ల కాదు. వార్తలు మాత్రం ఎప్పుడు వదులుతాయా అని చూస్తున్నాను. ఎక్కడో ఇళ్ళు కూలినట్టు చూస్తే ఏదో ఒకటి చెయ్యాలనిపించేది, ఏం చెయ్యాలో తెలిసేది కాదు, అన్నం సహించేది కాదు. చూడకపోవడానికి ఒక భక్తిగల కారణం దొరికింది.

దోహాలోని అల్ ఘర్రాఫాలో నేను డ్రైవరుగా ఉన్న విల్లాలోనే కడప వైపు చెల్లెమ్మ ఒకామె వంట చేసేది. ఊళ్ళో ఆమె కూతురికి నెలలు నిండవస్తున్నాయి. తొలి కాన్పు. పురుడు పోయడానికి ఆమె తప్ప ఎవరూ లేరు. మేడమ్‌ను బతిమాలి సెలవు తెచ్చుకుంది. టికెట్ నేనే తీయించాను. ఆమెకు చదువు రాదు కాబట్టి ఏజెంటుకు నా ఫోన్ నంబరే ఇచ్చాను.

బయలుదేరే రోజు పొద్దున వంటింట్లో నన్ను ఆపింది.

"అన్నా, పక్కింటి ఆయా ఏందో యుద్ధం అంటాంది. ఇమానాలు పోతాయంటావా?"

"పక్కింటావిడకు పనేముంది చెల్లెమ్మా! విశ్వాసం ఉంచు. విమానం ఎగురుతుంది."

"నువ్వు ఒగసారి ఫోన్లో చూడగూడదా?"

"ఉపవాసంలో ఉన్నాను కదా!"

దారిలో రేడియో పెట్టమంది. దాంట్లో వార్తలు వస్తాయని భక్తిపాటల పెన్‌డ్రైవ్ పెట్టాను. పాటకు గొంతు కలిపాను కూడా. ఎయిర్‌పోర్టు రోడ్డు ఎప్పుడూ లేనంత ఖాళీగా ఉంది. దేవుడు దారి సరాళం చేశాడన్నాను.

లోపలికి వెళ్తే జనం నేలమీద కూర్చుని ఉన్నారు. విమానాల బోర్డు నిండా ఎర్రటి వరసలు. తాళ్ళు కట్టిన అట్టపెట్టె మీద కూర్చున్న ఒకతను మా తెలుగు విని పలకరించాడు. నిజామాబాద్ వైపు మనిషి, గ్యాసు ప్లాంట్లున్న రాస్ లఫాన్‌లో పని.

"గీ సామానంత ఎటు వట్టుకపోతున్నవే అన్నా?"

"హైదరాబాద్ విమానానికి బాబూ."

"ఇమానాలెక్కడియి? పొద్దుగాల్నే అన్ని బంద్ వెట్టిండ్రు. పక్క దేశపోళ్ళు కొట్టుకుంటున్నరు, మోటర్లు కావు గద పక్కసందుకెళ్ళి పోనీకి! నాది రాత్రి డ్యూటీ, క్యాంప్ కెళ్ళి సీదా వచ్చిన, నాకు తెల్వలె. ఊర్లున్న మా అవ్వకు గల్ఫంత దుబాయే, ఆమె ఫోన్ జేసి చెప్పింది, 'దుబాయ్ల ఇమానాలు బందట బిడ్డా' అని. నీకెవ్వలు చెప్పలేదా?"

నాకు చాలామందే చెప్పారు. కౌంటరు దగ్గర అమ్మాయి "ఆప్‌కో మెసేజ్ భేజా థా" అంది, మీకు మెసేజ్ పంపాం కదా అని. ఫోన్ తీసి, ఉపవాసం పేరుతో మోగకుండా మూసిపెట్టిన మెసేజ్‌లన్నీ తెరిచాను. విమానం వాళ్ళ మెసేజ్ ఉంది. ఏజెంటు మెసేజ్ ఉంది. వార్తలు పంపుతున్నారని నోరు నొక్కిపెట్టిన మా ప్రార్థన గ్రూపులో పాస్టరుగారిదీ ఉంది: విమానాలు ఆగిపోయాయి, ప్రయాణాలున్నవాళ్ళ కోసం ప్రార్థించండి అని. కింద అందరూ ఆమేన్ పెట్టారు, టీ మానేసిన ఆవిడతో సహా.

చెల్లెమ్మ అంది: "నీ ఉపవాసం నువ్వు చేసుకోకుండా నా ఇమానాన్ని గూడా పస్తు పెట్టినావు గదన్నా!"

అట్టపెట్టె మీదతను పగలబడి నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు. "ఆడ బిడ్డ ఒంటరిగా ఉండాది" అంటూ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎక్కడో దూరాన ఉందనుకుని నేను తలుపు వేసుకున్న యుద్ధం నా ఎదురుగా ట్రాలీ పట్టుకుని ఏడుస్తోంది.

ఆ రోజు నుంచి చెల్లెమ్మ ఉల్లిపాయలు తరుగుతుంటే నేను స్టూలు మీద కూర్చుని వార్తలు చదివి వినిపించేవాణ్ణి. ఆమె ప్రశ్నలతో చంపేది. "బాంబులు పడిన ఆ ఊర్లో బువ్వ ఎట్ల దొరుకుతాదన్నా? ఆసుపత్రి ఉండాదా? కాన్పులు ఎవరు జేస్తాండారు?" తెలియదంటే ఒప్పుకునేది కాదు, వెతకమనేది. ఏడాదంతా 'సకల జనాల శాంతి కొరకు' అని ఒక్క ముక్కలో ముగించే నా ప్రార్థనలోకి రొట్టెల దుకాణాలు, మంత్రసానులు వచ్చి చేరారు. వారం వారం కూటమిలో పోగుచేసే కానుకలో కొంత ఆ ఆసుపత్రులకు పంపుదామని అడిగాను. ఉపవాసం చెడిందా అని ఒకాయన అడిగితే చెడిందన్నాను.

ఏజెంటు చుట్టూ తిరగ్గా తిరగ్గా, దారులు తెరుచుకున్నాక కొలంబో మీదుగా టికెట్ దొరికింది. కూతురికింకా నొప్పులు రాలేదు. మళ్ళీ ఎయిర్‌పోర్టు, మళ్ళీ బోర్డు. ఇంకా ఎరుపే ఎక్కువ. ఆమె విమానం ఎదుట మాత్రం ఆలస్యం అని ఉంది.

"ప్రార్థన చెయ్యన్నా" అంది.

తల వంచి కళ్ళు మూసుకున్నాను. మోచేత్తో పొడిచింది.

"కండ్లు తెరిచే చెయ్యి. ఆ బోర్డు మీద ఏం మారతాదో నాకు చదవనీకి రాదు."

తల ఎత్తి, బోర్డు చూస్తూ మొదలుపెట్టాను. ఒక్కో ఎర్ర వరస చదివి, ఆ ఊరు వెళ్ళాల్సినవాళ్ళ కోసం ఒక్కో మాట. చుట్టూ ఉన్నవాళ్ళు నేను బోర్డుతో మాట్లాడుతున్నాననుకుని ఉంటారు. సగంలో ఉండగా కొలంబో వరస పచ్చబడి, కౌంటరు నంబరు పడింది. అది చదివి వినిపించాను. నేను ఆమేన్ అనేలోపే చెల్లెమ్మ ట్రాలీ తోసుకుంటూ వరసలో మొదటి మనిషిగా నిలబడింది.