వీధి వైపు తిరిగిన బొమ్మలు

మా డాక్టరు అంకుల్ పోయారు. మొన్న మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి "మీ అంకుల్ లేరు బాబూ" అన్నారు. ఆ వెంటనే, "కిటికీ ఖాళీగా ఉండగానే పోయారు" అన్నారు. ఆ రెండో మాట నాకు తగలాలనే అన్నారు. తగిలింది.

బర్మింగ్‌హామ్‌లో వాళ్ళ ముందుగది కిటికీకి ఎదురుగా బస్‌స్టాప్. జీపీగా, అంటే ఆ పేట డాక్టరుగా, రిటైరయ్యాక ఆయన ఆ కిటికీలో వారానికో బొమ్మ పెట్టేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ దేశంలో అచ్చయిన వ్యంగ్య చిత్రాలు. రాగిరేకు మీద చెక్కి, కాగితం మీద అద్ది, చేత్తో రంగులు పూసినవి. పాత సామాన్ల సంతల్లో ఏరి తెచ్చుకునేవారు. ఒకదాంట్లో రాజుగారు మలకుండ మీద కూర్చుని చట్టాలు విసర్జిస్తుంటారు. ఇంకోదాంట్లో మన దేశంలో తినొచ్చిన ఈస్టిండియా కంపెనీ దొర పార్లమెంటు గుమ్మంలో పొట్ట పట్టక ఇరుక్కుపోతాడు.

అన్నిటి మొహాలూ వీధి వైపే. గదిలో కూర్చున్నవాళ్ళకి కనబడేది కాగితం వీపు. మొదటిసారి వెళ్ళినప్పుడు, "తిరగేసి పెట్టారు అంకుల్" అన్నాను, ఏదో తప్పు పట్టుకున్నవాడిలా.

"ఆ రోజుల్లో బొమ్మల షాపువాళ్ళు ఇలాగే పెట్టేవాళ్ళయ్యా. కొనలేనివాడు వీధిలో నిలబడి చూసి, పగలబడి నవ్వుకుని పోయేవాడు. గదిలోకి తిప్పితే అది అలంకారం. వీధిలోకి తిప్పితే అది మాట."

నేను ఇక్కడి రాజకీయాల మీద కోపంగా వ్యాసాలు రాస్తుంటాను. ఆయనకి అదో వేళాకోళం. "నీ వ్యాసం చదువుతూ ఎవరైనా బస్సు మిస్సయ్యారటయ్యా? నా రాజుగారి పిర్రలు చూస్తూ నిన్న ఓ ముసలామె మిస్సయింది!"

భూతద్దం పెట్టి, దొర బుగ్గ మీద గీత దాటిపోయిన ఎరుపు చూపించేవారు. "కూలికి రంగులేసే ఆడమనిషి ఎవరో. పొద్దుట్నించీ ఇదే బుగ్గకి రంగు వేసీ వేసీ విసుగెత్తింది. గీసినవాడి పేరుంది, ఈమెది లేదు. నాకు మాత్రం ఇదే ఆమె సంతకం."

పోయిన వేసవిలో మన రంగువాళ్ళని వెళ్ళిపొమ్మని ఊళ్ళలో గుంపులు అరిచాయి. అంకుల్ వాళ్ళకి రెండు వీధుల అవతల ఒక టేక్అవే హోటల్ అద్దం పగిలింది. సరిగ్గా ఆ వారమే ఆయన ఒక బొమ్మ పెట్టారు. పడవ దిగుతున్న బక్కచిక్కిన పరదేశిని ఒక మంత్రి వేలెత్తి జనానికి చూపిస్తున్నాడు. జనం అటు చూసి పళ్ళు నూరుతుంటే, రెండో చేత్తో వాళ్ళ రొట్టెలు లాగేసుకుంటున్నాడు.

నేను పరిగెత్తుకుంటూ వెళ్ళాను. "తీసేయండి అంకుల్. ఆంటీ కోసమైనా."

"ఇన్నేళ్ళ నాటి బొమ్మకి ఇవాళ ఎవడికైనా కోపమొస్తే, తప్పు బొమ్మదా?"

"ఇప్పుడు వాదనలొద్దు అంకుల్. మనం జాగ్రత్తగా ఉండాలి."

ఆయన నా మొహంలోకి చూశారు. "నువ్వా ఈ మాట అనేది?" అన్నారు. పిన్నులు ఒక్కొక్కటే పీకి, బొమ్మ నా చేతిలో పెట్టారు. నేను దాన్ని సోఫా వెనక దాచాను. ఆ తరవాత ఆ కిటికీలో ఇంకేదీ పెట్టలేదు.

"మనకెందుకండీ, మనం గెస్టులం" అని మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా రాస్తే చీల్చి చెండాడినవాణ్ణి. నలభై ఏళ్ళు ఈ ఊరి నాడి చూసిన మనిషిని ఒక్క పూటలో గెస్టుని చేసింది నేనే. బయట అరిచిన గుంపు కాదు. వాళ్ళకి ఆయన లొంగలేదు. నాకు లొంగారు. దీన్ని ఏ వ్యాసంలో వాదించి గెలవను?

నిన్న వెళ్ళాను. ఆంటీ సోఫా వెనక నుంచి ఆ బొమ్మే తీసి ఇచ్చారు. "నువ్వే తీయించావు. నువ్వే పెట్టు."

"రాయి పడితే ఆంటీ?"

"ఈ వీధిలో ఆయన స్టెతస్కోపు పెట్టని గుండె లేదు. కర్టెన్లేసుకుని కూర్చోమంటావా నన్ను?"

పెట్టాను. ఒక పిన్ను వంకరపోయింది. ఎండ పడి బొమ్మంతా కాగితం వీపు మీదికి తేలింది. మంత్రి, పడవ, మంత్రి బుగ్గ మీద కూడా గీత దాటిన ఎరుపు. బస్‌స్టాప్‌లో ఎవరో తలెత్తి ఇటే నడిచి వచ్చారు. అద్దం దగ్గర నీడ ఆగింది. నవ్వుతున్నారో, ఇంకేం చేయబోతున్నారో, మధ్యలో కాగితం. లోపల మా ఇద్దరికీ కనబడలేదు.