డాక్టరుకు చెప్పిన పెళ్లి

జలీలాకు నిద్రలోనూ చేతులు ఆగవు. దుప్పటి అంచు పట్టుకుని అటు తిప్పి, ఇటు మడిచి, ఏదో బిగిస్తున్నట్టు లాగుతుంది. బేజా ఊరి చివర ఫ్యాక్టరీలో కార్లకు కరెంటు తీగల కట్టలు తయారుచేయడం ఆమె పని. తీగలు అమర్చే బల్ల ఒకచోట నిలవదు, కదులుతూనే ఉంటుంది. గంట మోగితే ఇంకాస్త వేగంగా కదులుతుంది. ఆ గంట వింటే చాలు, జలీలాకు గుండె దడదడలాడుతుంది. ఈ మధ్య వీధిలో గ్యాస్ బండి హారన్ విన్నా అదే వరస. పొద్దున లేచేసరికి వేళ్లు మొద్దుబారి కాఫీ కప్పు కూడా పట్టుకోలేకపోతోంది.

సలహాలకు మాత్రం కొదవ లేదు. ఎవరి కళ్లో పడ్డాయని తల్లి సాంబ్రాణి పొగ వేసింది. మందుల షాపతను ఏవో బలం బిళ్లలు అంటగట్టాడు. ఫోనులో వెతికితే ఒకడు గుండె జబ్బన్నాడు, ఒకడు నరాలు చచ్చిపోయాయన్నాడు, మూడోవాడు తేనె సీసా అమ్మజూపాడు. ఏది నమ్మాలో తెలియక ఆమెకు ఉన్న దడ కాస్తా రెట్టింపయింది.

నిజం చెప్పగలిగినవాడు ఒకడున్నాడు. పనివాళ్ల ఆరోగ్యం చూడడానికి మంగళవారాల్లో ఫ్యాక్టరీకి వచ్చే డాక్టర్ ఖమీస్. ఆయనకు ఉన్నమాట చెప్పిన మనిషి మాత్రం అక్కడ ఒక్కరూ లేరు.

"ఆయన చెవిలో వేస్తే సూపర్‌వైజర్ చెవిలో వేసినట్టేనే పిచ్చిదానా," అనేది పక్కన పనిచేసే మొంజియా. "చేతులు పనికిరావని తెలిస్తే మర్నాడే ఇంటికి పంపుతారు. మీ అమ్మకి ఏం పెడతావ్?"

ఆ మాట జలీలాను పట్టుకుంది. తండ్రి లేడు, ఇల్లు ఆ చేతుల మీదే నడుస్తోంది. చెబితే ఉద్యోగం పోతుందేమో, చెప్పకపోతే చేతులే పోతాయేమో.

అందుకని ఒక ఎత్తు వేసింది. డాక్టరు "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని అడిగితే, "నిక్షేపంలా ఉన్నానండీ. ఈద్ పండగ తర్వాత మా బావతో పెళ్లి. గాబెస్ వెళ్లిపోతా, ఈ ఉద్యోగం మానేస్తా. ఎవరికీ చెప్పకండేం," అంది. బావా లేడు, పెళ్లీ లేదు. ఆ కబురు ఇంకెవరికీ చెప్పలేదు, మొంజియాకు కూడా. త్వరలో సూపర్‌వైజర్ కొత్త బల్లకు మనుషుల్ని ఎంచుతాడు. మానేసే పిల్లని ఎంచడు కదా. తన పేరు రాకపోతే డాక్టరు నోరు జారినట్టే.

పేర్లు చదివారు. మొదటి పేరే జలీలాది.

మొంజియా సంబరంగా వీపు చరిచింది. జలీలాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డాక్టరు నమ్మదగినవాడే. కొత్త బల్ల మాత్రం పాతదానికన్నా వేగం.

మంగళవారం వెళ్లి ఆయన ముందు కూర్చుంది.

"పెళ్లి పనులు ఎంతవరకు వచ్చాయమ్మా?"

"పెళ్లి లేదండీ. మీరు ఎవరికైనా చెబుతారేమోనని..." తల దించుకుంది.

ఆయన పకపకా నవ్వాడు. "ఇలాంటి కబుర్లు నాకెన్ని చెప్పారో! అందరూ పరీక్ష పెట్టేవాళ్లే. నెగ్గానని ఒక్కరూ తిరిగొచ్చి చెప్పలేదు."

"ఎవరండీ వాళ్లు?"

"అది చెబితే పరీక్ష తప్పినట్టేగా?"

అప్పుడు జలీలా రెండు చేతులూ ఆయన ముందు పెట్టింది. ఆయన మణికట్టు నొక్కి చూశాడు, గుండె విన్నాడు, నిద్ర గురించీ గంట గురించీ తీరిగ్గా అడిగాడు.

"గుండెలో తేడా ఏం వినపడలేదు, ఎందుకైనా మంచిది, పరీక్ష చేయిద్దాం. ఈ దడ ఒత్తిడి వల్లే అనిపిస్తోంది. మణికట్టులో నరం నలుగుతోంది, ఇప్పుడే జాగ్రత్తపడితే తగ్గొచ్చు. పని మార్చమని రాస్తాను, జబ్బు పేరు రాయను. ఆ తర్వాత వాళ్లేం చేస్తారో నేను హామీ ఇవ్వలేనమ్మా. నువ్వొక్కదానివే చెబితే లోపం నీ చేతుల్లో ఉందంటారు. పదిమంది చెబితే ఆ బల్ల వేగం సంగతేమిటని నేను అడగగలను."

భోజనాల వేళ హరీసా కారం పూసిన రొట్టె విప్పుతూ మొంజియాకు జరిగిందంతా చెప్పింది. మొంజియా నమలడం ఆపేసింది.

"నేను ఆయనతో కడుపులో కవలలున్నారన్నానే," అంది గొంతు తగ్గించి. "నిరుడు. ఎక్కడా పొక్కలేదు. అయినా తిరిగి వెళ్లే ధైర్యం చాల్లేదు. అది ఒప్పుకోలేకే ఆయన్ని తిడుతూ వచ్చాను."

జలీలాకు కోపం రావలసింది, రాలేదు. మొంజియా చాటుగా మణికట్లు రుద్దుకోవడం ఆమె ఎన్నాళ్లనుంచో చూస్తూనే ఉంది.

"వచ్చే మంగళవారం నాతో రా. పక్కనే కూర్చుంటాను."

ఎదురుగా తింటున్న వహీదా రొట్టె పక్కన పెట్టింది. ఎప్పుడూ నోరు విప్పని మనిషి.

"నేను కెనడా వెళ్తున్నానని చెప్పాను," అంది. "నన్నూ తీసుకెళ్లండే."