బ్లాస్టింగ్ లేని మధ్యాహ్నం

ఏడో తరగతిలో తెలుగు పాఠాన్ని వరుసగా లేచి తలా ఒక పేరా చదవాలి. నా ముందున్నవాళ్లను లెక్కపెట్టి, నాకు రాబోయే పేరా ఏదో ముందే చూసుకునేవాణ్ణి. అయినా లాభం ఉండేది కాదు. నోటితో అడిగితే జవాబులన్నీ చెప్పే నాకు, పుస్తకం తెరవగానే వత్తులూ గుణింతాలూ కలగలిసిపోయేవి. దాన్ని డిస్లెక్సియా అంటారని పాలిటెక్నిక్‌లో చేరాకే తెలిసింది. అప్పటిదాకా నాకున్న పేరు మొద్దు.

మా బడి, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనికి దగ్గర. మధ్యాహ్నం అక్కడ బండలు పేల్చేముందు బ్లాస్టింగ్ సైరన్ మోగగానే అందరం గదులు వదిలి మైదానంలోకి పోవాలి. చిన్న పిల్లలు ఏడ్చేవారు. నాకు మాత్రం ఆ సైరనే దిక్కు. నా వంతు వచ్చేలోపు పీరియడ్ అయిపోయేది.

ఆ రోజు ఉరుములతో వాన పట్టుకుంది. గనిలో బ్లాస్టింగ్ ఆపేశారు, సైరన్ మోగలేదు. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. అరచేతుల చెమటకు పేజీ అంచు తడిసింది.

"ఏందిరా, మూగోనివైనవా?" అన్నాడు వెనక బెంచీవాడు. అందరూ నవ్వారు.

టీచర్ నా పక్కకు వచ్చి, మొదటి వాక్యం కింద స్కేలు పెట్టారు. కింది వరుసలను కాగితంతో కప్పారు.

"నేను చదువుత, నా ఎంబడే నువ్వు చదువు బిడ్డా. జల్ది ఏం లేదు," అన్నారు మెల్లగా.

ఆమె గొంతు వెంట నా గొంతు తడబడుతూ నడిచింది. మూడో వాక్యం దగ్గర ఆమె చదవడం ఆపేశారు. భయంగా ఆమె ముఖంలోకి చూశాను.

"ఆగకు," అన్నారు.

స్కేలునూ కాగితాన్నీ నేనే ఒక వరుస కిందికి జరిపాను. నోరు తెరిచాను.