తప్పు సింహాచలానిది

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా వార్డులో ఒక రోగి తాలూకు మనిషి క్యారేజీ మూత తీసింది. ఎండుచేపల కూర వాసన గుప్పున కొట్టింది. పక్క మంచం వాళ్ళు కొంగు అడ్డం పెట్టుకున్నారు. కొత్తగా చేరిన నర్సమ్మాయి కిటికీ తలుపు తీయడానికి పరిగెత్తింది. నేను మాత్రం చేతిలో బీపీ మిషను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు గ్రేసమ్మ సిస్టరు పక్కనే నిలబడినట్టు ఉంటుంది. ఆవిడది కళింగపట్నం. శని, ఆదివారాలు ఊరు వెళ్ళి వచ్చినప్పుడల్లా సోమవారం డబ్బాలో ఎండుచేపల వేపుడు తెచ్చేది. బాప్టిస్టు చర్చిలో పాటలు పాడే గొంతుతో "తినండర్రా, ముక్కు మూసుకుంటే నోరు తెరుసుకుంటాది" అని వార్డు వినబడేలా పిలిచేది.

విజయనగరంలో ఆ ప్రైవేటు ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సుగా చేరినప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. మా ఊరు పాతపట్నం దగ్గర. మాకు ఉన్నది రెండెకరాల వరి చేను. నర్సింగులో నాకు సీటు వచ్చిందంటే ఊళ్ళో చాలామంది అది ఆడపిల్లల చదువు కదా అన్నారు. చదువు పూర్తయి ఉద్యోగం వచ్చాక మా నాన్న ఎవరడిగినా "మావోడు ఇజినారంలో కాంపౌండరు" అని చెప్పేవాడు. నేను పక్కనే ఉన్నా ఆ మాట దిద్దలేదు. నాన్నకి నా పని చెప్పుకోవడం నామోషీ అని అర్థం చేసుకుని, మనసులోనే ముడుచుకున్నాను.

చేరిన రోజునే లాబ్ టెక్నీషియన్ అప్పలరాజు నన్ను టీకొట్టుకి తీసుకెళ్ళి జాగ్రత్తలు చెప్పాడు. "ఒరే, మీ హెడ్ నర్సు పెమినిస్టురా. మగోడంటే ఆవిడికి పడదు. మొగుడి సేత వంట సేయించుకుంటాది. ఆడోళ్ళేం సేసినా ఎనకేసుకొస్తాది. నువ్వు దొరికేవు కదా, ఇంక సూసుకో" అన్నాడు. ఫెమినిస్టు అనే మాట నేను అంతకు ముందు వినకపోలేదు. కాపురాలు కూల్చేవాళ్ళు, పువ్వులు పెట్టుకోనివాళ్ళు, ఎప్పుడూ అరిచేవాళ్ళు, ఇలాంటిదేదో నా బుర్రలో బొమ్మ ఉండేది. తీరా వార్డులోకి వెళితే, నడివయసులో ఉన్న పొట్టి మనిషి, జడలో రెండు మూరల కనకాంబరాలతో, ఒక ముసలాయనకి గెడ్డం గీస్తూ కనబడింది గ్రేసమ్మ సిస్టరు.

మొదటి గంటలోనే నాకు బెడ్‌పాన్ చేతికిచ్చింది. ఆరో నంబరు మంచం ముసలాయనకి పెట్టి, కడిగి, శుభ్రం చెయ్యమంది. అప్పలరాజు చెప్పింది నిజమే, మగవాణ్ణని కసి తీర్చుకుంటోంది అనుకున్నాను. పని ముగించి వచ్చి చూస్తే ఏడో మంచం దగ్గర ఆవిడే అదే పని చేస్తోంది. నా మొహం చూసి అర్థం చేసుకున్నట్టుంది. "ఏటి బాబూ, ఒల్లు మండతందా? రోగిష్టోడికి నీ సెయ్యి సల్లగా ఉన్నాదా, నేదా అన్నదే కావాలి. అది ఆడ సెయ్యా మగ సెయ్యా అని అడగడు" అంది. తర్వాత ఏడాది పొడుగునా ఆవిడ నాకు నేర్పని పని లేదు. మగవాడివి కదా అని బరువులు మోయించలేదు, మగవాడివి కదా అని బెడ్‌పాన్ తప్పించలేదు.

ఆవిడ భర్త రిటైరైన బడిపంతులు. రోజూ పన్నెండున్నరకి పాత స్కూటరు మీద భోజనం తెచ్చేవాడు. వంట నిజంగా ఆయనే చేసేవాడు. వెనక నవ్వేవాళ్ళని చూసి ఆయనా నవ్వేవాడు. "నాకు ఉప్పెంతెయ్యాలో తెలుసు, ఆవిడికి మందెంతెయ్యాలో తెలుసు. ఎవరి పని ఆళ్ళు సేస్తేనే కదా అందరూ బతుకుతారు" అనేవాడు. ఒకరోజు వాళ్ళతో కూర్చుని తింటూ, ఉండబట్టలేక అడిగేశాను. "సిస్టర్, మీరు ఫెమినిస్టంట కదా?"

మేష్టారికి పొలమారింది. సిస్టరు నీళ్ళందించి, నావైపు తిరిగింది. "అవును. నీకేటని సెప్పేరేటి?"

విన్నవన్నీ చెప్పాను. ఆవిడకి కోపం రాలేదు.

"మా యమ్మ సేపలు ఎండేసి, గంప నెత్తినెట్టుకుని ఊరూరా అమ్మి మమ్మల్ని పెంచింది. ఇంట్లో ఏదైనా మాటొస్తే మా అయ్య 'ఆడదానివి, నీకేటి తెలుసు' అనేవోడు. ఆ ఒక్క మాటా తీసెయ్యమంటన్నాను నేను. మా అయ్యకి అన్నం ఎట్టొద్దన్లేదు. ఆడోళ్ళ నెత్తిన బరువు దించమంటే, అది తీసుకెళ్ళి మగోళ్ళ నెత్తినెట్టమని కాదురా. నీ నెత్తి మీదున్నది కూడా దించమనే."

"నా నెత్తి మీద ఏముంది సిస్టర్?"

"మీ ఊర్లో నువ్వేటి పని సేస్తన్నావని సెప్పుకున్నారు?"

నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. నా పళ్ళెంలో ఇంకో చేప ముక్క వేసింది.

ఆ మాటలు బాగున్నాయనుకున్నానే తప్ప అవి నా మీదికి వస్తాయని అనుకోలేదు. రెండో ఏడు వర్షాకాలంలో ఒక ఉదయం, షుగరుతో చేరిన ఒక పెద్దావిడకి టిఫిను ముందు ఇన్సులిన్ ఇచ్చాను. చార్టులో సంతకం పెట్టబోతుంటే ఏదో యాక్సిడెంటు కేసు వచ్చిందని కింద నుంచి కేక వేశారు. పెన్ను జేబులో పెట్టుకుని పరిగెత్తాను. నాతోపాటు డ్యూటీలో ఉన్న లక్ష్మి ఆ మంచం దగ్గరికి వచ్చి, చార్టు ఖాళీగా ఉండటం చూసి, మళ్ళీ ఇన్సులిన్ వేసింది. కాసేపటికి పెద్దావిడకి చెమటలు పట్టాయి, మాట తడబడింది, తల వాల్చేసింది. నేను పైకి వచ్చేసరికి గ్రేసమ్మ సిస్టరు గ్లూకోజు ఎక్కిస్తోంది. సిస్టరు నుదుటి మీద అంత చెమట నేనెప్పుడూ చూడలేదు. పావుగంట తర్వాత పెద్దావిడ కళ్ళు తెరిచి "ఏటయ్యింది?" అంది.

తప్పు నాదని నాకు వెంటనే తెలిసింది. పెద్దావిడ తనకి రెండుసార్లు సూది వేశారని అనడంతో సంగతి ఊహించిన మేనేజరు, నేను చెప్పేలోపే నన్ను పక్కకి పిలిచాడు. "చూడు సింహాచలం, నీ జీతం మీద ఇల్లు నడుస్తోంది. లక్ష్మి ఏడో నెల గర్భిణి, ఎలాగూ మానేస్తుంది. రెండు డోసులూ తనే వేసిందనుకుంటే సరిపోతుంది. నువ్వు నోరు మెదపకు" అన్నాడు. నేను మెదపలేదు. మధ్యాహ్నం వరకూ మెదపలేదు. లక్ష్మి నన్ను అన్నయ్యా అని పిలిచేది. ఆ పూట ఆమె మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే పక్కనుంచి దిగి వెళ్ళాను. నా జీవితంలో నేను సిగ్గుపడే నాలుగైదు గంటలు ఉంటే అవి అవే.

భోజనాల వేళ దాటాక సిస్టరు నన్ను దుప్పట్లు సర్దే గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"మొదటి సూది నువ్వేసేవా?"

తలూపాను.

"పొద్దుటినించి ఎందుకు సెప్పలేదు?"

"భయమేసింది సిస్టర్. ఉద్యోగం పోతే… మగవాణ్ణయి ఉండి ఇంటికి ఏ మొహం పెట్టుకుని…" ఏడుపు వచ్చేసింది. మొహం గోడవైపు తిప్పుకున్నాను.

ఆవిడ ఉతికిన తువ్వాలు ఒకటి తీసి నా భుజం మీద వేసింది. "ఏడు. ఏడిస్తే మగతనం కారిపోదు. కానీ ఆ పిల్ల మెట్ల మీద ఏడుస్తన్నాది, నీ తప్పుకి. మొకం కడుక్కుని రా. పైకెల్దాం."

పైన పెద్ద డాక్టరుగారి గదిలో మేనేజరూ, లక్ష్మీ ఉన్నారు. నేను నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. లక్ష్మి నన్ను చూసిన చూపులో కోపం లేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది. డాక్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి, "అందుకే మొదట్నించీ అంటున్నాను సిస్టర్, మగవాళ్ళు ఈ పనికి పనికిరారు. చేతిలో నిదానం ఉండదు. మీరు కూడా ఒప్పుకుంటారు కదా" అన్నారు. అందరం ఆవిడవైపు చూశాం. ఆవిడ ఒప్పుకుంటుందనే నేనూ అనుకున్నాను.

"తప్పు సింవాచలం సేసేడు సార్. మగోళ్ళు సెయ్యలేదు" అంది గ్రేసమ్మ సిస్టరు.

డాక్టరుగారు కుర్చీలో సరిగ్గా కూర్చున్నారు.

"పొద్దున్న లక్ష్మిది తప్పనుకున్నంతసేపూ, కడుపుతో ఉన్న ఆడోళ్ళకి బుర్ర పన్సెయ్యదన్నారు. ఇప్పుడు మగోళ్ళకి నిదానం లేదంటన్నారు. ఎవరు తప్పు సేస్తే ఆళ్ళ పేరెట్టి సెప్పండి సార్. జాతి మొత్తాన్ని లాగకండి." తర్వాత లక్ష్మి వైపు తిరిగింది. "నువ్వూ సార్టు కాలీగా ఉందని సూసేవు గానీ, ఎవుర్నీ అడక్కుండా ఏసేవు. అది నీ తప్పు. ఇంకోసారి అడుగు." మళ్ళీ డాక్టరుగారితో, "ఇద్దరూ నాకు కావాలి. ఇద్దరూ పని తెలిసినోళ్ళే. ఈ పిల్ల కానుపుకెల్లి ఎనక్కొస్తాది, దాని కుర్సీ దానికుండాలి" అంది.

నన్ను పదిహేను రోజులు డ్యూటీ నుంచి తప్పించారు. లక్ష్మిని హెచ్చరించి వదిలేశారు. బయటికి రాగానే సిస్టరు నన్ను పెద్దావిడ మంచం దగ్గరికి తీసుకెళ్ళి నా నోటితోనే అంతా చెప్పించింది. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని, "బతికేను కదా నాయినా, నువ్వు అన్నం తిన్నావా?" అని అడిగింది. నా గుండె మీద నుంచి బండ దొర్లినట్టయింది.

ఆ పదిహేను రోజులకీ ఊరు వెళ్ళాను. రెండోరోజు సాయంత్రం చేను గట్టు మీద నాన్నకి అన్నీ చెప్పేశాను. తప్పు, మేనేజరు మాట, నా మౌనం, ఏడుపు, ఏదీ దాచలేదు. చివర, "నాన్నా, నేను కాంపౌండర్ని కాదు. నర్సుని. అలాగే చెప్పు అందరికీ" అన్నాను.

నాన్న చుట్ట ఆర్పి నావైపు వింతగా చూశాడు. "నాకు తెల్దేటి? నర్సని ఎవుడైనా అంటే నువ్వు తల దించేసుకునేవోడివి. బిడ్డడు సిగ్గు పడతన్నాడని నేనే ఆ మాట మార్సీసేను. నాకేటి నామోషీ? పెద్దోళ్ళ వొల్లు కడిగినోడి కంటే గొప్పోడెవుడురా?" అన్నాడు.

ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఇన్నాళ్ళూ అబద్ధం మోశామని తెలిసి నాకు నవ్వొచ్చింది. నాన్నా నవ్వాడు. సిస్టరు నా నెత్తి మీద ఉందన్న బరువేమిటో ఆ గట్టు మీద, అది దిగాక అర్థమైంది. తర్వాత నాకు పెళ్ళయి, కూతురు పుట్టినప్పుడు, బాలింతకి పథ్యం వండటానికీ పిల్లకి నీళ్ళు పొయ్యటానికీ నేను సెలవు పెడితే ఊళ్ళో కొందరు నవ్వారు. ఆ నవ్వు నాకు తగల్లేదు.

లక్ష్మి కానుపయ్యాక తిరిగి వచ్చింది. ఇప్పుడు ఆమె శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రికి హెడ్ నర్సు. నన్ను ఇంకా అన్నయ్యా అనే పిలుస్తుంది. గ్రేసమ్మ సిస్టరు రిటైరై కళింగపట్నంలో ఉంటోంది. కిందటేడు వెళితే మేష్టారు వంట చేశారు, ఆవిడ నన్ను మోకాళ్ళ నొప్పులకి మందులు అడిగి, నేను చెప్పినవి ఒక్కటీ వాడనని తేల్చి చెప్పింది.

ఈమధ్య మా వార్డులో ఒక ట్రైనీ అమ్మాయి, పేరు శైలజ, నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "సార్, నాలుగో నంబరుకి ఇవ్వాల్సిన మాత్ర రెండో నంబరుకి ఇచ్చేసేను. ఎవ్వులూ సూళ్ళేదు. నేనే సెప్తన్నాను" అంది. ఇద్దరం కలిసి వెళ్ళి రోగిని చూశాం, డాక్టరుకి చెప్పాం. అదృష్టవశాత్తు ప్రమాదం లేదు. చార్టులో జరిగింది రాసి ఆమె చేతనే సంతకం పెట్టించాను.

"తిడతారనుకున్నాను సార్. ఆడపిల్లలు ఇంతే అంటారనుకున్నాను" అంది.

"శైలజ పొరపాటు చేసిందని రాశాం. అంతకు మించి ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. వెళ్ళి మొహం కడుక్కుని భోంచెయ్యమ్మా" అన్నాను.

ఆమె వెళ్ళింది. రెండింటికి తిరిగి వచ్చి, మందుల ట్రాలీ తోసుకుంటూ మొదటి మంచం దగ్గర ఆగి, చార్టులో పేరు చదివి, మంచం మీది మనిషిని "మీ పేరేటండీ?" అని అడిగింది.